గాయానికి కారణం

కర్నూలు జిల్లాలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఓపీ చీటీలు కంప్యూటర్లోకి ఎక్కించే ఆపరేటరుగా చేరినప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. కాంట్రాక్టు ఉద్యోగం. రెండువేల ఏడెనిమిది ప్రాంతం. అంతకు కొద్ది నెలల ముందే జిల్లాలోని ప్రభుత్వ ఆసుపత్రుల కంప్యూటర్లను ఇంటర్నెట్‌తో కలిపారు. పేరు, వయసు, ఊరు కొడితే ఆ మనిషి అంతకుముందు ఏ ఆసుపత్రిలో దేనికి చూపించుకున్నదీ తెర మీదికి వచ్చేది. గాయాలతో వచ్చినవాళ్ళకు ‘కారణం’ అని ఒక గడి ఉండేది. వెంట వచ్చినవాళ్ళు ఏం చెబితే అందులో అది కొట్టేదాన్ని. తల మీద కొడవలి వేటు పడిన మనిషిని మంచంతో సహా మోసుకొచ్చి, "చెట్టు మీద నుంచి పడినాడు" అన్నా అదే కొట్టేదాన్ని. నిజమేమిటో రాయడం నా పని కాదనుకునేదాన్ని.

ఒక వేసవి పొద్దున డోన్ నుంచి భార్యాభర్తలు వచ్చారు. అతనికి ముప్పై దాటి ఉంటాయి. ఇస్త్రీ చొక్కా, నుదుట విభూతి. డోన్‌లో నూనె అంగడి ఉందట. ఆమెకు పాతికేళ్ళుంటాయి. చెంప మీదికి పైట కప్పుకుని ఉంది. ఎడమ చెవి నుంచి కారిన రక్తం మెడ మీద ఎండిపోయింది. మణికట్టు ఉబ్బి ఉంది.

"శ్రీశైలం పోయింటిమి. మెట్ల మీద జారి పడింది. బిర్నా రాయమ్మా, అంగడి మూసిపెట్టి వచ్చినా" అన్నాడు.

ఆమె పేరు కొట్టాను. తెర మీద మూడు వరుసలు వచ్చాయి. డోన్‌లో, నంద్యాలలో, ఆదోనిలో. కొత్త యంత్రం ఇంత బాగా పనిచేస్తోందని నాకు సంబరం. బయట వరుసలో ఉన్నవాళ్ళందరికీ వినపడేలా చదివేశాను.

"మీ పేరు ముందే ఉందమ్మా. డోన్‌లో పళ్ళు రెండు విరిగాయి, నీళ్ళ తొట్టి దగ్గర జారి పడ్డారు. నంద్యాలలో చెయ్యి కాలింది, నూనె ఒలికింది. ఆదోనిలో పక్కటెముక విరిగింది, మిద్దె మీద నుంచి..."

ఆమె తల అడ్డంగా ఊపింది. చాలా కొద్దిగా. అప్పటికి గాని నాకు అర్థం కాలేదు.

వెనక నిలబడ్డ ఒక ముసలామె, "ఎవురైనా ఇన్నితూర్లు పడతారా తల్లీ!" అంది.

కిటికీలోంచి అతని చెయ్యి లోపలికొచ్చింది. నా జడ పట్టుకుని లాగి, నా ముఖాన్ని ఇనుప ఊచలకేసి కొట్టాడు. ఒకసారి కాదు. "నా పెండ్లాం సంగతి నీకేంటికే?" అంటూ కొడుతూనే ఉన్నాడు. కంట్లోకి రక్తం దిగింది. వాచ్‌మన్ వచ్చి పట్టుకునేలోపు తెరను గుంజి కింద పడేశాడు. అతన్ని విదిలించుకుని, భార్యను ఆ ఉబ్బిన మణికట్టు పట్టుకునే ఈడ్చుకుపోయాడు. ఆమె అరిచిన అరుపుకు వరాండా అంతా నిలబడిపోయింది. ఎవరూ అడ్డుపోలేదు. డాక్టరు చెయ్యి పడకుండానే ఆమె ఆటో ఎక్కింది.

నా కనుబొమ మీద నాలుగు కుట్లు పడ్డాయి. పోలీసు కేసు పెట్టమని వాచ్‌మన్ చెప్పాడు. మా అమ్మ వద్దని కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. నాకూ భయమే. పెట్టలేదు. కానీ అన్నం ముందు కూర్చుంటే ఆమె తల ఊపడమే గుర్తొచ్చేది. ఇంటికి తీసుకుపోయి ఆమెను ఏం చేసి ఉంటాడు? నేను చదవకుండా ఉంటే?

పన్నెండో రోజున ఆమెను జీపులో పడుకోబెట్టి తెచ్చారు. దవడ పక్కకు జరిగిపోయి ఉంది. నోట్లోంచి రక్తంతో కలిసి చొంగ కారుతోంది. స్ట్రెచర్ లోపలికి వెళ్ళాక, వెంట వచ్చిన అరవై ఏళ్ళ ఆమె నా కిటికీ దగ్గరికి వచ్చింది. కుడి చేతికి తువ్వాలు చుట్టి ఉంది.

"ఆ పొద్దు గట్టిగా చదివింది నువ్వేనా?"

"నేనే" అన్నాను.

"వాని అమ్మను నేను."

నేను కుర్చీతో సహా వెనక్కి జరిగాను.

"భయపడొద్దు. రాయి. తూకం రాయితో మొగం మీద కొట్నాడు. నా కొడుకే. అడ్డం పోతే నా చెయ్యి గూడా ఇరగ్గొట్నాడు. అట్లనే రాయి."

కొట్టాను.

"పాతవి గూడా సరిచెయ్యి. పండ్లు ఇరిగింది గోడకేసి గుద్దితే. చెయ్యి కాలింది నూనె ఒలికి కాదు, వాడే పట్టి బాణలిలో ముంచినాడు. నంద్యాలలో డాక్టరుకు అబద్ధం చెప్పింది నేనే."

పాత వరుసలు దిద్దడానికి కంప్యూటరు ఒప్పుకోదని చెప్పాను.

"అయితే ఈ పొద్దు దాని కిందనే రాయి. అత్త చెప్పిందని రాయి. నాకూ ఒక చీటీ ఇయ్యి." రెండు చీటీలూ కొట్టాక, "ఇప్పుడు చదువు. ఆ పొద్దు చదివినట్లే చదువు" అంది.

వరుసంతా వినేలా చదివాను. ఆమె చీటీలో ‘కారణం: కొడుకు కొట్టడం’ అని చదివి ఆమె వైపు చూశాను. ఆమె తల దించలేదు.

డ్యూటీ డాక్టరు ఆ కాగితాలు చూసి పోలీసులకు కబురు పెట్టాడు. పోలీసులకంటే ముందు కొడుకు వచ్చాడు. వార్డులో సెలైన్ స్టాండును కాలితో తన్ని, తల్లిని చెంప మీద కొట్టి, భార్యను మంచం మీద నుంచి గుంజబోయాడు. పక్క మంచం దగ్గర ఆలూరు నుంచి వచ్చిన నలుగురు అన్నదమ్ములున్నారు. వాళ్ళు అతన్ని పట్టి, చేతికి దొరికిన దానితోనల్లా కొట్టారు. ముక్కు పగిలి, రెండు వేళ్ళు విరిగి, అతను నా కిటికీ ముందుకొచ్చాడు. నెత్తుటితో తడిసిన విభూతి చెంపల మీదికి కారింది.

"ఏమైంది?" అని అడిగాను.

"మెట్ల మీద జారినాడు మేడమ్" అన్నాడు వెంట వచ్చిన అన్నదమ్ముల్లో పెద్దవాడు.

నేను ఆ భర్త కళ్ళలోకి చూశాను. అతను చూపు తిప్పుకున్నాడు. ‘మెట్ల మీద జారి పడ్డాడు’ అని కొట్టాను. ఆ క్షణం నాకు సంతోషంగా ఉండింది. చాలా సంతోషంగా. అందుకు తర్వాత భయపడ్డాను కూడా. తప్పు రాశానని తెలిసీ దిద్దుకోలేదు.

కేసు నాలుగేళ్ళు నడిచింది. నేను ఒకసారి సాక్ష్యం చెప్పాను. అత్త మూడు వాయిదాలకు వచ్చి కొడుకు ఎదుటే చెప్పింది. అతనికి శిక్ష పడింది. భార్య ప్రొద్దుటూరులో పుట్టింటికి వెళ్ళిపోయింది. దవడ అతుక్కుంది గాని ఎడమ చెవి పోయింది.

ఆ తర్వాత ఒక ఏడు ప్రొద్దుటూరుకు బట్టలు కొనడానికి వెళ్ళినప్పుడు ఆమె ఒక చీరల అంగడిలో పనిచేస్తూ కనిపించింది. నా కనుబొమ మచ్చను చూసి గుర్తుపట్టింది.

"ఈ పక్కకు రాక్కా, ఆ చెవి ఇనపడదు" అని కుడి పక్కన కూర్చోబెట్టుకుంది.

చాలాసేపు చీరలు చూపించింది. అత్త ఎలా ఉందని అడిగాను.

"మా ఇంట్లోనే ఉండాది. ఆ చెయ్యి సరిగా అతకలేదు. నేనే అన్నం కలిపి పెడ్తాండా" అంది.