నా ప్లేట్లెట్లను కంటితో చూసిన డాక్టరమ్మ

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, నాచారం ఫ్యాక్టరీలో బట్టలు కుట్టే నేను పోయిన ఎండాకాలం బతుకు మీద ఆశ వదులుకునే దాకా వెళ్లాను! రొమ్ములో గడ్డ, అది క్యాన్సరే అన్నారు, త్వరగా తీసేయాలన్నారు, తీరా ఆపరేషన్‌కు ముందు రక్తపరీక్ష చేస్తే ప్లేట్లెట్లు బాగా తక్కువున్నాయి, కోస్తే రక్తం ఆగదని వాయిదా వేశారు, మళ్లీ పరీక్ష, మళ్లీ వాయిదా, లోపల గడ్డ మాత్రం ఆగదు కదా!

పదో తరగతితో బడి మానేసినా ఉప్పల్ లైబ్రరీలో చేతికందిన పుస్తకమల్లా చదివినదాన్ని నేను. గాయమైన చోటికి చేరి ఒకదాన్నొకటి పట్టుకుని రక్తాన్ని ఆపేవే ప్లేట్లెట్లని అక్కడే తెలుసుకున్నాను, అవి ఎందుకు తగ్గుతాయో కూడా చదివాను, చదివినకొద్దీ భయమే పెరిగింది. మా ఆడబిడ్డ దమ్మాయిగూడ నుంచి బొప్పాయాకు రసం తెచ్చి, "బుక్కులు సదివితే ప్లేట్లెట్లు పెర్గయి వదినా, ముక్కు మూస్కొని తాగు!" అనేది. తాగాను. పెరగలేదు.

"ప్రభువా, నా రక్తం సంగతి నీకు తెలుసు, అది తెలిసినవాళ్ల దగ్గరికి నన్ను నడిపించు, అంతవరకూ నిన్ను వదలను" అని మోకరించి పట్టుబట్టాను.

ఆ వారమే సర్జన్ గారు నన్ను ఒక డాక్టరమ్మ దగ్గరికి పంపారు. రోగులను చూస్తూనే ఏళ్ల తరబడి ప్లేట్లెట్ల మీదే పరిశోధన చేస్తున్న మనిషి ఆమె. నా ఒంటి మీద ఎక్కడా కమిలిన మచ్చ లేదని గమనించి, "అక్కా, పండ్లు తోముకుంటే నెత్తురొస్తదా?" అని అడిగారు. రాదన్నాను. సీసాలో తీసిన రక్తం ఒక గాజుపలక మీద, నా వేలి నుంచి అప్పుడే తీసిన చుక్క ఇంకో పలక మీద పూసి, మైక్రోస్కోపులో చూసి నవ్వారు.

"నీకేం తక్కువ లేవక్కా! రక్తం గడ్డకట్టొద్దని సీసల ఏసే మందుకు నీ ప్లేట్లెట్లు ముద్దలైతున్నయ్, మిషన్ ముద్దల్ని లెక్కవెడ్తలేదు. రా, నువ్వే సూడు!"

చూశాను సహోదరులారా, సీసా రక్తంలో ముద్దలు, వేలి చుక్కలో విడివిడిగా! ఆమె ఇంకా నవ్వుతూనే, "క్లినిక్ వెట్టుకోక గా సుక్కల్ని సూస్కుంట ఎన్నేండ్లు కూసుంటవని మా అమ్మ రోజూ తిడ్తది. ఇయ్యాల ఇంటికి వోయి నీ ముచ్చట జెప్త" అన్నారు.

వేరే మందున్న సీసాలో పరీక్ష చేస్తే లెక్క సరిగ్గా వచ్చింది, ఆపరేషన్ జరిగింది, రక్తం ఆగింది, గడ్డ పోయింది, చికిత్స ఇంకా నడుస్తోంది, నేను తిరిగి పనికి పోతున్నాను!

"ప్లేట్లెట్లు మొదటినుంచీ బాగనే ఉంటే నీ ప్రార్థన జేసిందేంది?" అని ఫ్యాక్టరీలో అడిగారు. నేను మోకరించడానికి ఎన్నో ఏళ్ల ముందే ఒక అమ్మాయిని ఆ చదువులో కూర్చోబెట్టి, ఎవరేమన్నా లేవకుండా పట్టుకున్నవాడు నా దేవుడు, ఆయనకే మహిమ! మీలో ఎవరైనా రిపోర్టు చేతపట్టుకుని ఏడుస్తుంటే ఆయనను నమ్మి మోకరించండి, లేచి దవాఖానకూ వెళ్లండి, మీకోసం ఆయన ఎవరిని సిద్ధం చేసి ఉంచాడో వెళ్తేనే కదా తెలిసేది!