వాకిట్లో బండ

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ లేదు. బెంగళూరులో ఇంజనీరింగు ముగించి, ఒక ఆఫీసులో ఏడాదిపాటు ఇళ్ల ప్లాన్లకు కొలతలు వేసి వచ్చినవాణ్ణి (అందులో సగం మా ఆఫీసు పెద్దాయన మళ్లీ దిద్దేవాడు, ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు). చింతామణి ఊళ్లో మా మేనమామకు వేరుశెనక్కాయల గోదాము ఉండేది. వ్యాపారం తగ్గి ఖాళీగా పడివుంది. దాన్ని లాఫ్ట్ ఫ్లాట్లుగా మారుస్తానని, కింద హాలు, పైన పడక, మధ్యలో గుండ్రంగా తిరిగే ఇనుప మెట్లు అని బొమ్మలు గీసి చూపించాను. మామ చాలాసేపు చూసి, "అటక మీద మనుషులు పండుకుంటారా అప్పా?" అని అడిగాడు. మా వైపు అటకంటే చింతపండు కుండలకూ పాత ట్రంకు పెట్టెలకూ. బెంగళూరువాళ్లు ఎగబడి వస్తారని దబాయించాను. ఆయన సరేనని ఒక్కటే కోరాడు. "వాకిట్లో బండ మాత్రం కదిలించొద్దు."

పంట తెచ్చిన రైతును మామ ముందు ఆ రాతిబండ మీద కూర్చోబెట్టేవాడు. తర్వాతే మూటలోంచి ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించి, గింజ గలగలమంటే బాగా ఎండినట్టు చెప్పేవాడు. తేమ చూసే మిషను ఉండగా ఇదేం చాదస్తమని నేను నవ్వేవాణ్ణి.

మామ బాగేపల్లిలో పెళ్లికి పోయిన రోజే బండ పెకలించాను. నా డ్రాయింగులో సరిగ్గా అక్కడే కార్లు ఎక్కే ర్యాంపు ఉంది మరి. తీసేటప్పుడు అది రెండు ముక్కలైంది. మర్నాడు మామ వచ్చి, అలవాటుగా కూర్చోబోయి ఆగిపోయాడు. కార్ల కోసం తీయించానన్నాను.

"ఎవురి కార్లప్పా?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే అడిగాడు. తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు, మళ్లీ అటు రాలేదు. ఫ్లాట్లన్నీ నిండాక గొప్పగా వెళ్లి తప్పయిందని చెబుదామనుకున్నాను. ఆరింట్లో రెండే నిండాయి. వచ్చిన ఇద్దరికీ స్కూటర్లే. ర్యాంపు మీద ఒకావిడ వడియాలు ఎండబెట్టుకునేది. ఈలోగా మామ పోయాడు. చెప్పాల్సిన మాట చెప్పలేదు, అది తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది.

మొన్న కొత్త పంటకు మిట్టేమరి నుంచి ఒక ముసలి రైతు మామకు చూపించాలని చిన్న మూటతో వచ్చాడు. మామ లేడని తెలిసి అలాగే నిలబడిపోయాడు. కుర్చీ తెద్దామని పైకి పరుగెత్తాను (ఖాళీ ఫ్లాట్లలో ఒకదాంట్లో ఉండేది నేనే). నా గుండ్రటి మెట్లలో అది ఇరుక్కుంది (ఎక్కించేటప్పుడు కాళ్లు ఊడదీసి ఎక్కించాం). చివరికి ఇద్దరం ర్యాంపు వాలులోనే, జారిపోకుండా కాళ్లు తన్నిపెట్టి కూర్చున్నాం. నేనొక కాయ తీసి చెవి దగ్గర ఆడించాను. గలగలమంది. బాగా ఎండిందన్నాను, నాకేదో తెలిసినట్టు.

"మీ మామైతే ముందు మజ్జిగిచ్చేవాడప్పా" అన్నాడాయన.

ఒకప్పటి నన్ను, అన్నీ తెలిసిన ఆ కుర్రాణ్ణి తలుచుకుని సిగ్గుపడి, కొంచెం నవ్వుకుని, మజ్జిగ కోసం మళ్లీ ఆ మెట్లే ఎక్కాను.