సైరకాన్ అపా అడిగిన సుయున్చు

సైరకాన్ అపా నడవగా నేను చూసింది ఒక్కసారే. ఆ సంగతి తర్వాత చెప్తాను. మామూలుగా ఆవిడ పరుగెత్తుతుంది. మోకాళ్లు అరిగిపోయాయని డాక్టర్లు మొత్తుకున్నా వినదు. గడ్డకట్టిన మంచు మీద మేమంతా గోడ పట్టుకుని అడుగులో అడుగు వేస్తుంటే, ఈవిడ మాత్రం ఆ లావుపాటి ఒంటితో, తెల్లకోటు ఎగరేసుకుంటూ పోతుంది. మా పట్నం ప్రసూతి ఆసుపత్రిలో ఆయా. లోపల బిడ్డ కేరుమందంటే బయటికి వచ్చే మొదటి మనిషి ఈవిడే. తండ్రి బజారులో ఉన్నా, గొర్రెల వెనక కొండ మీద ఉన్నా, ఎవరి పెళ్ళిలోనో తాగి పడి ఉన్నా సరే, వెతికి పట్టుకుని మొహం మీదే "సుయున్చు!" అని కేక వేస్తుంది, శుభవార్త తెచ్చాను, కానుక తియ్యి అని దాని అర్థం.

సెల్‌ఫోన్లు వచ్చాయి కదా, ఇక ఈ ముసలమ్మ పని అయిపోయిందనుకున్నారు అందరూ. ఏం అవ్వలేదు. కాన్పుకొచ్చిన వాళ్ల ఫోన్లన్నీ తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసేది ఎవరనుకున్నారు?

ఆవిడని మోసుకు తిరిగేది నా పాత ఆడీ కారు. నేను పక్కింటి వాడిని, టాక్సీ తోలుకుంటాను, పేరు కుబాన్. ఆకలితో భోజనానికి కూర్చుంటానా, గేటు దగ్గర నుంచి "కుబాన్, పోనీయ్!" అని వినబడుతుంది. కిరాయి మాటెత్తితే అలా కానుకగా తనకొచ్చిన తలగుడ్డల్లోంచి ఒకటి తీసి నా మీద పడేస్తుంది. మా ఆవిడ కట్టుకునే తలగుడ్డలన్నీ ఊళ్లోవాళ్ల బిడ్డల పుణ్యమే. ఆవిడ ఇంట్లో పెద్ద పెట్టె నిండా అవే. కానీ ఆ ఇంటి గడపలో నిలబడి సుయున్చు అడిగినవాడు మాత్రం ఎప్పుడూ లేడు. మొగుడు చిన్నవయసులోనే పోయాడు, పిల్లల్లేరు. ఆవిడకి చెప్పడానికి ఎవరి దగ్గరా ఏ శుభవార్తా ఉండేది కాదు.

అలాంటి ఇంటికి మొతాలెబ్ వచ్చాడు. బంగ్లాదేశ్ కుర్రాడు, దర్జీ. ఊరి చివర కుట్టుమిషన్ల షెడ్డులో పని దొరికితే ఆవిడ వెనక గది అద్దెకి తీసుకున్నాడు. వాళ్ల దేశంలో అక్కని అపా అంటారట, మా దగ్గర అమ్మని అంటాం. ఏదైతేనేం, మొదటి రోజే నోరారా పిలిచాడు, ముసలామె కరిగిపోయింది. అన్నంలో పచ్చిమిరపకాయలు నలుపుకుని తింటూ "అపా, ఈ దేశంలో చేపలెందుకు లేవు?" అని దిగులుపడేవాడు. ఆవిడ వాడికి మా మర్యాదలన్నీ నూరిపోసింది. రొట్టె బోర్లా పెట్టకు. పెద్దవాళ్లకి టీ గిన్నె నిండా పొయ్యకు. ఇక సుయున్చు గురించైతే రోజూ పాఠమే.

"ఎవరైనా వచ్చి సుయున్చు అన్నారనుకో, ముందు 'ఇచ్చా, చెప్పు' అనాలి. వార్త తర్వాతే. చేతికేది దొరికితే అది పెట్టెయ్. లేదు గీదు అన్నావా, ఆ శుభం నీ గడప దాటి వెళ్లిపోతుంది," అనేది.

వాడు బుద్ధిమంతుడు. చెప్పింది చెప్పినట్టు చేశాడు. అదే కొంప ముంచింది.

ఇక్కడ ఉండడానికి ఇచ్చే పర్మిట్ గడువు పెంచమని అర్జీ పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు వాడు. ఒక మధ్యాహ్నం విదేశీయుల ఆఫీసు ఉద్యోగి ఉలాన్ యూనిఫాం వేసుకుని షెడ్డు గుమ్మంలోకొచ్చి "సుయున్చు, మొతాలెబ్!" అన్నాడు. మన మొతాలెబ్ మిషను ఆపేసి లేచి, ముఖమంతా నవ్వై, "ఇచ్చా, చెప్పు!" అన్నాడు. పర్మిట్ వచ్చింది అన్నాడు ఉలాన్. అది ఎప్పుడో వచ్చి వాళ్ల సొరుగులో మూలుగుతోందని తర్వాత తెలిసింది లెండి. వాడు ఒక్క క్షణం ఆలోచించకుండా చేతి గడియారం విప్పి ఉలాన్ అరచేతిలో పెట్టాడు. షెడ్డంతా చప్పట్లు కొట్టింది. తెల్లారేసరికి పోలీసు కెప్టెన్ ఎర్మెక్ జీపు వేసుకొచ్చి, ప్రభుత్వోద్యోగికి లంచం ఇచ్చాడని వాడిని పట్టుకుపోయాడు.

ఎర్మెక్ సంగతి ఊళ్లో పసిపిల్లాడికి కూడా తెలుసు. అడిగేవాళ్లు లేని పరదేశి కనిపిస్తే వాడికి పండగ. లోపల వేస్తాడు, నాలుగు రోజులాగి మధ్యవర్తిని పంపిస్తాడు, చూడాల్సినవాళ్లని చూసుకోండి అంటాడు. అంతకు ముందు ఒక పాకిస్తానీ పళ్ల వ్యాపారి, ఒక చైనా మెకానిక్ అలాగే చూసుకుని బయటపడ్డారు. మొతాలెబ్ ఒప్పుకోలేదు. తప్పు చేయనప్పుడు ఎందుకివ్వాలి అన్నాడు. లంచం ఇవ్వలేదని తేలడానికి లంచం ఇవ్వాలా, మీకు మతులు ఉన్నాయా పోయాయా అని సైరకాన్ అపా మధ్యవర్తిని వీధి చివరిదాకా తరిమింది.

దాంతో చలికాలమంతా వాడు జైల్లోనే ఉండిపోయాడు. దుబాసీ అని చెప్పి ఎవరో ఉర్దూ వచ్చిన కుర్రాడిని తెచ్చారు. వాడికి బెంగాలీ రాదు, వీడికి ఉర్దూ అంతంత మాత్రం. అడిగినదానికల్లా తలూపాడని రాసుకున్నారు. సర్కారు ఇచ్చిన వకీలు ఒప్పేసుకో, తక్కువ శిక్షతో పోతుంది అని ఒకటే పాట. సైరకాన్ అపా వారం వారం బోర్సోక్ పిండిముక్కలు వేయించి పట్టుకెళ్లేది, కాపలావాళ్లు సగం నొక్కేసి సగం లోపలికి పంపేవారు. ఆవిడకి ఒకటే బాధ. ఆ మాట వాడికి నేర్పింది తనే. నేను నేర్పకపోతే వాడు థాంక్యూ చెప్పి ఊరుకునేవాడు కదా కుబాన్ అని కారెక్కిన ప్రతిసారీ అనేది. నాకు ఒళ్లు మండిపోయేది. ఎవరి మీద అరవాలో తెలియక హారన్ మీద కొట్టేవాడిని.

ఒకరోజు తెగించి ఎర్మెక్ దగ్గరికే వెళ్లింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. వాడు కుర్చీలోంచి లేవను కూడా లేవలేదు.

"అపా, సుయున్చు అనేది చుట్టాల మధ్య, చుట్టుపక్కల వాళ్ల మధ్య. ఉలాన్ సర్కారు మనిషి. వార్త చెప్పడం వాడి డ్యూటీ. డ్యూటీ చేసినందుకు గడియారం ఇస్తే దాన్ని లంచం అంటారు. చట్టం మీకు అర్థం కాదులే, ఇంటికెళ్లి కాళ్లకి నూనె రాసుకోండి," అన్నాడు.

ఆవిడ వచ్చి కారెక్కింది. మొహం కిటికీ అద్దం వైపు తిప్పుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. ఇంటి మలుపులో ఉన్నట్టుండి, "కుబాన్, నాదీ డ్యూటీయే కదా?" అంది. నాకేం అర్థం కాలేదు. అవునపా అన్నాను.

తీర్పు రోజు వచ్చింది. జడ్జి జుమాదిలోవ్ చెడ్డవాడని చెప్పలేను, మంచివాడని అసలే చెప్పలేను. ఎర్మెక్ ఏ కాగితం ముందు పెడితే దాని మీద సంతకం పెట్టే మనిషి. మొతాలెబ్‌కి శిక్ష పడుతుందని, అది అయ్యాక దేశంలోంచి గెంటేస్తారని కోర్టు గుమాస్తాలు ముందే చెప్పేసుకుంటున్నారు. ఆ జడ్జికి ఇంట్లో ఒక్కటే లోటు. కొడుక్కి పెళ్ళై ఏళ్లు గడిచినా పిల్లల్లేరు. మొక్కని దర్గా లేదు, చూపించని డాక్టరు లేడు. చివరికి కోడలికి నెలలు నిండాయి, సరిగ్గా ఆ ముందురోజే నొప్పులొచ్చి మా ఆసుపత్రిలో చేరింది.

ఇప్పుడు చూడండి మా అవస్థ. నేను ఆసుపత్రి గేటు బయట ఇంజన్ ఆపకుండా కూర్చున్నాను. నా ముందే జడ్జి గారి అన్న కొడుకు నిగనిగలాడే పెద్ద జీపులో కాచుకుని ఉన్నాడు. బాబాయికి మొదట వార్త చెప్పి సుయున్చుగా ఏ గుర్రాన్నో కొట్టేద్దామని వాడి ఆశ. తీర్పు చదివేలోపే జడ్జికి కబురు తనే చెప్పాలని అపా పట్టు, ఎందుకో నాకు చెప్పలేదు. అటు కోర్టులో విచారణ మొదలైపోయింది. ఇటు బిడ్డ రాదే! వాడి జీపుతో నా డొక్కు కారు పోటీపడితే ఏమవుతుందో నాకు తెలుసు.

తలుపు తెరుచుకుంది. సైరకాన్ అపా బయటికొచ్చింది. నడుస్తూ! చేతులు వెనక్కి కట్టుకుని, ఆవులిస్తూ, పెళ్ళికొచ్చిన పెద్దమనిషిలా ఒక్కో అడుగూ వేస్తూ వచ్చింది. ఈవిడ పరుగెత్తకపోతే బిడ్డ పుట్టనట్టేనని ఊరందరికీ లెక్క. నాకు ప్రాణం ఉసూరుమంది. ఆవిడ జీపు దగ్గర ఆగి, ఇంత చలిలో ఇక్కడే కూర్చున్నావా నాయనా, వేడి టీ అయినా తాగావా అని అడిగింది. అబద్ధం ఒక్క ముక్క ఆడలేదు, టీ తాగావా అని మాత్రమే అడిగింది. వాడు ఒళ్లు విరుచుకుని, తాళం జేబులో వేసుకుని, ఎదురుగా ఉన్న టీకొట్టులోకి పోయాడు. ఆవిడ నా కారులో వచ్చి పడింది.

"పోనీయ్!"

ఎలా తోలానో నన్నడక్కండి. బజారు మలుపులో కారు మంచు మీద అడ్డంగా తిరిగి, ఎవరి క్యాబేజీ బండినో రాసుకుంటూ పోయింది. వాడు మా వంశాన్నంతా తిట్టాడు. ఆవిడ పక్క సీట్లో డ్యాష్‌బోర్డు మీద రెండు చేతులతో బాదుతూ ఇంకా, ఇంకా అంటోంది. కోర్టు గుమ్మంలో కాపలావాడు ఆపబోయి ఆవిడ మొహం చూసి పక్కకి జరిగాడు. వాడి కొడుకులు పుట్టినప్పుడు పరుగెత్తుకెళ్లి చెప్పింది ఎవరు మరి!

లోపల జడ్జి తీర్పు కాగితం చేతిలోకి తీసుకుని కళ్లజోడు సర్దుకుంటున్నాడు. ఇనుప కటకటాల వెనక మొతాలెబ్ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా వదులై భుజాల మీంచి జారుతోంది, వాడే కుట్టుకున్న చొక్కా. ఎర్మెక్ మొదటి వరసలో కాలు మీద కాలేసుకున్నాడు. సైరకాన్ అపా తెల్లకోటుతో, రొప్పుతూ, హాలు నడిమధ్యకి వచ్చి నిలబడింది.

"సుయున్చు, జడ్జి గారూ! సుయున్చు!"

జడ్జి చేతిలో కాగితం కింద పడింది. కుర్చీ వెనక్కి తన్నేసి లేచాడు.

"ఇచ్చా అపా! ఇచ్చా, చెప్పు!"

"మనవరాలు. తల్లీ బిడ్డా క్షేమం. నెత్తి నిండా ఇంత నల్లటి జుట్టు."

ఆ గంభీరమైన మనిషి చిన్నపిల్లాడిలా రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. హాల్లో అందరూ లేచి చప్పట్లు. ఎర్మెక్ కూడా కొట్టాడు, కొట్టక ఏం చేస్తాడు! జడ్జి నల్లకోటు ఎత్తి జేబులు తడుముకున్నాడు, ఏమీ తగల్లేదు, పర్సు లోపలి గదిలో ఉండిపోయినట్టుంది. ఇస్తానన్నాక వట్టి చేత్తో పంపితే పుట్టిన బిడ్డకి మంచిది కాదు. మెట్లు దిగొచ్చి, మణికట్టు నుంచి గడియారం విప్పి, ఆవిడ అరచేతిలో పెట్టి, వేళ్లు మూశాడు.

ఆవిడ కదల్లేదు. గడియారాన్ని అందరికీ కనపడేలా పైకెత్తి పట్టుకుంది. అప్పుడు, నా మీద ఒట్టు, నాకు ఆ రోజు కారులో అడిగిన మాట అర్థమైంది.

ఆవిడ తిన్నగా కటకటాల దగ్గరికెళ్లి మొతాలెబ్ పక్కన, ఇవతల వైపు నిలబడింది.

"నేనూ సర్కారు మనిషినే అయ్యా. ఇది నా యూనిఫాం. కాన్పు కబురు చెప్పడం నా డ్యూటీ. మీరు గడియారం ఇచ్చారు, నేను తీసుకున్నాను. ఇంతమంది చూశారు. ఈ పిల్లాడు చేసిందీ ఇంతే. ఆ మాట వీడికి నేర్పింది కూడా నేనే. తలుపు తీయించండి, నేనూ లోపల కూర్చుంటాను. మీ చోటు మీరే చూసుకోండి."

జడ్జి మెడ దగ్గర మొదలైన ఎరుపు చెవులదాకా పాకింది. ఖాళీ మణికట్టు వైపు ఒకసారి చూసుకున్నాడు. ఎర్మెక్ లేచి ఏదో అనబోతే చేత్తో కూర్చోమన్నాడు. బయటివాళ్లంతా హాలు ఖాళీ చేయండి అన్నాడు, అంతే.

మమ్మల్ని వరండాలోకి నెట్టి తలుపు వేశారు. సైరకాన్ అపా గోడకి ఆనుకుని నిలబడింది. గుప్పిట్లో గడియారం అలాగే ఉంది. నన్ను కూడా లోపల వేస్తారేమో, కోళ్లకి మేత నువ్వు వెయ్యి అంది. నేను నోరు మూసుకో అపా అన్నాను. జీవితంలో ఆవిడని అలా అనడం అదే మొదలు.

ముందు ఎర్మెక్ వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది. మా వైపు చూడకుండా గోడ వారగా నిలబడి సిగరెట్ కోసం జేబులు వెతుక్కున్నాడు. ఆ వెనకే మొతాలెబ్. చేతులకి బేడీల్లేవు. పక్కన పోలీసు లేడు. ఒంటరిగా వచ్చాడు.

ఆవిడని చూసి రెండంగల్లో దగ్గరికి రాబోయాడు, నోరు తెరిచాడు, అంతలో ఎర్మెక్ కనిపించాడు. అక్కడే ఆగిపోయాడు. తెరిచిన నోరు మూసుకుని చేతులు రెండూ వీపు వెనక దాచుకున్నాడు. ఆ చేతులు చూసి నాకు దుఃఖం ఆగలేదు. ఒక మంచి మాట అనడానికి మనిషి ఇంత భయపడాలా? సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది, నా దేశం గురించి, నా ఊరి గురించి.

సైరకాన్ అపా మాత్రం వాడినే చూస్తోంది.

"అను బాబూ," అంది. "గట్టిగా అను. నా కోసం ఎవరూ అనలేదు ఇన్నాళ్లూ."

వాడు ఎర్మెక్ వైపు చూశాడు. ఆవిడ వైపు చూశాడు. ఊపిరి పీల్చుకుని, ఆ వరండా కిటికీలు అదిరిపోయేలా అరిచాడు.

"సుయున్చు, అపా!"

"ఇచ్చా," అంది ఆవిడ. "చెప్పు."

"వదిలేశారు. నన్ను వదిలేశారపా."

ఆవిడ వాడి చెయ్యి లాక్కుని, జడ్జి గారి గడియారాన్ని మణికట్టుకి తొడిగింది. చిక్కిపోయిన చెయ్యి, పట్టీ వదులై జారుతుంటే తన తలగుడ్డ కొస చింపి కట్టింది. తర్వాత కళ్లు తుడుచుకుని ఎర్మెక్ వైపు తిరిగింది.

"కెప్టెన్, చూశావుగా. నేను ఇంకా డ్యూటీలోనే ఉన్నాను, రాసుకుంటావా?" అంది.

వాడు సిగరెట్ వెలిగించుకోకుండానే మెట్లు దిగి వెళ్లిపోయాడు. మేము ముగ్గురం నా కారెక్కాం. దారిలో క్యాబేజీ బండివాడు కర్ర పట్టుకుని మా కోసం కాచుకుని ఉన్నాడు. సైరకాన్ అపా అద్దం దించి వాడికి కూడా వార్త చెప్పింది. వాడు కర్ర పక్కన పడేసి, ఇంతేసి క్యాబేజీ ఒకటి తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టాడు.