రెండో కొస

మా ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఎనిమిదేళ్ల కిందట హెల్మెట్ కింద ఇబ్బందిగా ఉందని జుట్టు తీయించేసి, తలపాగా పెట్టెలో పడేసి, గురుద్వారా గడప తొక్కడం మానేశారు. ఆయనతోపాటు నేనూ మానేశాను. పోయినేడాది ఎవరూ చెప్పకుండానే మళ్లీ జుట్టు పెంచడం మొదలుపెట్టారు. ఇప్పుడు చీకటితోనే లేచి, స్నానం చేసి, గురువాణి చదువుకుని, తలపాగా చుట్టుకుని పనికి వెళ్తున్నారు. నన్ను మాత్రం నువ్వూ రా అనలేదు. చూసినవాళ్లంతా ఆయన్ని మెచ్చుకుంటుంటే నాకు ఒళ్లు మండిపోతోంది.

ఎందుకో చెప్తాను. తలపాగా బట్ట ఆరు గజాలుంటుంది. చుట్టేముందు దాన్ని బారుగా సాగదీసి మడతలు పెట్టాలి. ఒక కొస ఆయన పట్టుకుంటే రెండో కొస ఇంకెవరో పట్టుకోవాలి. పెళ్లైన కొత్తలో ఆ రెండో కొస నాది. ఇప్పుడేమో ఆయన బట్ట చంకలో పెట్టుకుని పై వాటాలో ఉన్న వాళ్లక్క దగ్గరికి వెళ్తున్నారు. నేను కింద కుట్టుమిషను ముందు కూర్చుని, పైనుంచి వదిన నవ్వు వింటూ, ఎవరి చొక్కాకో చేతులు తిరగేసి కుట్టి మళ్లీ విప్పుకుంటున్నాను.

"వాడికి మడత కుదరాలంటే నేనే పట్టాలమ్మా" అంది వదిన ఒకరోజు మెట్ల మీద. పైకి నవ్వాను. లోపల పళ్లు నూరుకున్నాను. కుళ్లే, కాదనను.

నిన్న వదిన కళ్ల డాక్టరు దగ్గరికి పెందలాడే వెళ్లింది. ఇక నన్ను పిలవక చస్తారా అని మిషను ఆపి చెవులు రిక్కించాను. పిలుపు లేదు. తొంగి చూద్దును కదా, బట్ట కొసను తలుపు గడియకు ముడేసి తంటాలు పడుతున్నారు. ఇన్నాళ్లూ ఆడపడుచు ఒక్కతే అనుకున్నాను. ఇప్పుడు గడియ కూడా నాకు సవతైంది.

"నేనేం చచ్చానా?" అన్నాను.

ఆయన బట్ట వదల్లేదు. "జుట్టు తీయించుకున్న రోజు కత్తెర నీ చేతికే ఇచ్చాను. వద్దంటావేమోనని చూశాను. నువ్వు టక్కున అందుకున్నావు."

"మీరడిగారు, నేను చేశాను."

"ఇదీ అలాగే, నేనడిగానని చేస్తావనే అడగలేదు."

కానీ ఆయనకు తెలిసింది సగమే. అది చిన్నప్పటినుంచి వదిన దువ్వి ముడివేసిన జుట్టు. "మా తమ్ముడి జుట్టు నా చేతి చలవే" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది. అది నేల మీద పడుతుంటే నాకు సంతోషమేసింది. ఇక ఈ మనిషి నా ఒక్కదానివాడే అనుకున్నాను.

ఆ మాట ఆయనతో చెప్పేశాను.

"అక్కకి నువ్వే చెప్పు" అన్నారు.

"చెప్తాను."

గడియకున్న ముడి విప్పారు. "ఇది ముట్టేముందు తల కప్పుకో" అన్నారు.

చేతికి దొరికింది ఎవరిదో సగం కుట్టిన లైనింగు గుడ్డ. అదే తలమీద వేసుకుని, రెండో కొస రెండు చేతులా పట్టుకుని, గోడ తగిలేదాకా వెనక్కి నడిచాను.

"అంత లాగకు, చిరిగిపోతుంది."

నేను వదులు చెయ్యలేదు.