మామ్మ ఎదురుచూసిన న్యేన్‌చాన్

సైన్యం అధికారం లాక్కున్న ఏడాది, బయటి దేశాల శాంతి సేన వస్తుందని యాంగోన్‌లో స్థిరపడ్డ మా తెలుగువాళ్ళంతా నమ్మారు. రమ్మని వేడుకుంటూ అట్ట మీద రాసి, మా చెల్లెలు పబేడాన్ వీధుల్లో పట్టుకు తిరిగింది.

బర్మా భాషలో శాంతిని న్యేన్‌చాన్ అంటారు. మగపిల్లలకు ఆ పేరు పెట్టుకోవడం కూడా మామూలే. చెవులు మందగించిన మా మామ్మ, మా మాటల్లో అదొక్కటే విని, వస్తున్నది ఎవరో కుర్రాడనుకుంది. ఇక్కడి మర్యాద ప్రకారం పేరు ముందు 'కో' కూడా చేర్చింది.

"కో న్యేన్‌చాన్ ఇంకా రానేదేటే?" అని రోజూ అడిగేది.

నాకు ఒళ్ళు మండేది. "రాడు మామ్మా, ఎవడూ రాడు!" అని చెవిలో అరిచేదాన్ని. అయినా అన్నాల వేళ అతని కోసం ఒక కంచం బోర్లించి పెట్టేది.

ఒక మధ్యాహ్నం మెట్ల మీద బూట్ల చప్పుడైంది. చెల్లెల్ని వంటింట్లోకి తోసి, బయటి తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను. నా వెన్ను అదిరేలా ఎవరో తలుపు బాదారు. ఆ చప్పుడు మామ్మకు కూడా వినపడింది. ముఖం వెలిగిపోయింది.

"ఒచ్చీసినాడు! తలుపు తియ్యవేటే?"

గబుక్కున ఆవిడ నోరు మూసేశాను. నా అరచేతి కింద పెదవులు ఇంకా నవ్వుతూనే ఉన్నాయి.

బూట్లు కదిలాయి. ఎదురింటి తలుపు బాదారు. కాసేపటికి వాళ్ళ ఇనప జాలీ తలుపు మామ్మకూ వినపడేంత గట్టిగా కిర్రుమంటూ జరిగింది.

చెయ్యి తీశాను. మామ్మ నావైపు కోపంగా చూసింది.

"చూసినావా, ఎదురింటోలు తీసినారు. మనింటికి ఒచ్చినోడు ఆలింటికి ఎల్లిపోనాడు."