ఎవరైనా వాడుకోవచ్చు

మా అమ్మాయి హైస్కూల్ మీడియా క్లాసులో ఒక నియమం ఉండేది. ప్రాజెక్టు వీడియోలకు సినిమా పాటలు పెట్టకూడదు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అని సొంతదారులే అనుమతి ఇచ్చిన సంగీతాన్ని ఒక వెబ్‌సైట్ నుంచి తీసుకోవాలి. తీసుకున్నవాళ్లు తమదంటూ ఒక ముక్క అక్కడ పెడితే బాగుంటుందని టీచర్ చెప్పిందట.

"మరి, తెచ్చుకున్న గిన్నె ఖాళీగా తిరిగి ఇస్తామా ఏంటి? నా పాట పెట్టెయ్," అంది మా ఆవిడ.

అప్పటికే తనకు కీమో నడుస్తోంది. అమెరికాలో మేముండే ఆష్‌బర్న్‌లో పక్కింటివాళ్లు కూర పంపితే, ఆ డబ్బాలో కనీసం రెండు అరటిపళ్లైనా వేయకుండా వెనక్కి పంపని మనిషి. పాట అంటే పదాలేమీ లేవు. అమ్మాయి పసిపిల్లగా ఉన్నప్పుడు తనే కట్టుకున్న జోల, ఉత్త కూనిరాగం. కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని పాడితే అమ్మాయి ఫోన్‌లో రికార్డ్ చేసింది. మధ్యలో దగ్గు వచ్చింది. మళ్లీ పాడమంటే, "ఉండనీలే, ఊరికే ఇచ్చేదానికి ఇన్ని సోకులెందుకు," అంది.

ఒకసారి ఇచ్చాక, తీసుకున్నవాళ్లను మళ్లీ తిరిగివ్వమని అడగలేమని ఆ సైట్‌లో రాసి ఉంది. నాకు నచ్చలేదు, ఆ మాటే అన్నాను. "ఇచ్చింది మళ్లీ అడిగే రకం మీరే," అని నన్ను వెక్కిరించింది.

ఆ చలికాలం దాటకుండానే పోయింది.

మరుసటి ఏడు ఒక ఆదివారం మధ్యాహ్నం, అమ్మాయీ దాని స్నేహితురాలూ హాల్లో ఏదో గేమ్ ఆడుతుంటే వంటింట్లో ఉన్న నాకు ఆ రాగం వినబడింది. వేగం తగ్గించి, గొంతు బొంగురు చేసి, పాడుబడ్డ ఆస్పత్రిలో తిరిగే దయ్యానికి పెట్టారు. దగ్గు తీసేయలేదు. దగ్గు వినబడిందంటే దయ్యం వెనకే ఉన్నట్టు. స్నేహితురాలు పరిగెత్తమంటోంది. మా అమ్మాయి చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ గేమ్ చేసినవాడు ఎక్కడో కాలేజీలో చదువుతున్నాడు. నోటికొచ్చినట్టు మెయిల్ రాశాను. మర్యాదగానే జవాబిచ్చాడు. తనకు తెలియదట, క్షమించమన్నాడు, గేమ్‌లోంచి తీసేస్తానన్నాడు. కాకపోతే తను మార్చిన ముక్కను కూడా అదే అనుమతితో పైకి పెట్టాడట. దాన్ని ఇంకెవరెవరో తీసుకున్నారట. గేమ్ చివర మా ఆవిడ పేరు అక్షరం పొల్లుపోకుండా వేశాడు. తిడదామంటే మనిషి దొరకలేదు.

"మనం పెట్టింది కూడా డిలీట్ చేసెయ్," అన్నాను అమ్మాయితో.

"చేస్తే ఆ ఘోస్ట్ వెర్షన్లే మిగులుతాయి నాన్నా. ఎవరైనా అమ్మ పేరు సెర్చ్ చేస్తే అవే వస్తాయి. ఒరిజినల్ ఉండాలి."

అమ్మాయి ల్యాప్‌టాప్‌లో ఆ ఒరిజినల్ ప్లే చేసింది. మా ఆవిడ పోయాక మేమిద్దరం కలిసి వినడం అదే మొదలు. మామూలు గొంతు, మామూలు వేగం. దగ్గు రాగానే అమ్మాయి భుజాలు బిగుసుకుపోయాయి, చటుక్కున వెనక్కి తిరిగి చూసింది.

వెనక నేనే నిలబడి ఉన్నాను.

"సారీ అమ్మా," అంది, ల్యాప్‌టాప్ వైపు తిరిగి.