కదలని తేదీ

జడ్చర్ల అవతల మా ఊళ్లో చిన్నాయన గొర్రెలు కాసేవాడు. నేను మహబూబ్‌నగర్‌లో గది కిరాయికి తీసుకుని, ఒక చిన్న కంపెనీకి మొబైల్ యాప్‌లు రాసేదాన్ని. గొర్రెలకు టీకాలు గుర్తుచేసే యాప్ ఒకటి చేసినప్పుడు, మొదట ఆయన ఫోన్‌లోనే వేశాను. అప్పుడు జనవరి.

"వానలకు ముందు చిటుక రోగానికి సూది ఏపియ్యాలె గద చిన్నాయినా, ఇగ ఫోనే మోగుతది" అన్నాను.

"మంచిగయింది బిడ్డా. ఏటా పశువుల దవాఖానకు పోయి అడుగుడే అయితాంది."

ఆ యాప్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే పరీక్షలు రాసింది కూడా నేనే. అందులోని భాగాలకు ఈరోజు తేదీ చెప్పే గడియారాన్ని బయటి నుంచి మనమే అందించాలి. అలా అందించడాన్ని మా పనిలో డిపెండెన్సీ ఇంజెక్షన్ అంటారు. పరీక్షలకు మాత్రం మనం జరిపితే తప్ప జరగని ఉత్తుత్తి గడియారాన్ని ఇస్తాం. లేకపోతే జూన్‌లో యాప్ ఎలా పనిచేస్తుందో చూడటానికి జూన్ దాకా ఆగాలి. ఆ ఉత్తుత్తి గడియారాన్ని పరీక్షల సెట్టింగుల్లో పెట్టాల్సింది, తొందరలో అసలు యాప్ సెట్టింగుల్లో పెట్టేశాను. పరీక్షలన్నీ పాసయ్యాయి. ఎవరికీ అనుమానం రాలేదు.

తొలకరి పడ్డ వారానికి చిన్నమ్మ ఫోన్ చేసింది.

"పొద్దున లేచి చూస్తే నాలుగు గొర్లు సచ్చి పడున్నయి. ఇంకోటి కాళ్లు కొట్టుకుంటాంది. జర జల్ది రా బిడ్డా."

నేను చేరేసరికి తొమ్మిది పోయాయి. పశువుల డాక్టరు కంచె దగ్గర నిలబడి, "చిటుక రోగం. టీకా వేయించలేదా?" అని అడిగాడు.

"ఫోన్ మోగలే సార్" అన్నాడు చిన్నాయన.

ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకుని చూశాను. టీకాకు ఇంకా నాలుగు నెలలుందని చూపిస్తోంది. దాని లోపల తేదీ జనవరిలోనే ఆగిపోయి ఉంది.

"తప్పు నాదే చిన్నాయినా" అన్నాను. ఎట్లా నాదో చెప్పబోయాను.

"నేనన్న ఒకసారి పోయి అడగకపోతి" అన్నాడాయన, గొర్రెల వైపే చూస్తూ. తిట్టి ఉంటే నయమనిపించింది.

ఆ మధ్యాహ్నమే సరిచేశాను. కోడ్‌లో ఒక్క వరుస మార్చాల్సి వచ్చింది, అంతే. ఆ యాప్ ఇంకా ఎవరెవరి ఫోన్లలో ఉండిందో, వాళ్ల మందలేమయ్యాయో నాకు తెలియదు. కంపెనీలో అడిగాను, ఎవరూ చెప్పలేదు.

మిగిలిన గొర్రెలను చిన్నాయన అమ్మేశాడు. ఇప్పుడు జడ్చర్లలో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా ఉంటున్నాడు. హైదరాబాద్ బస్సులో పోతూ రెండుసార్లు చూశాను. దిగలేదు.